అమ్మ తరఫున నేను చెప్పిన జవాబు

నాయన బర్మా యుద్ధంలో పోయాడు. ఆయన ముఖం నాకు గుర్తులేదు గానీ, ఆయన పేరున వచ్చే పింఛనుతోనే నేను పెరిగాను. పెద్దవాణ్ణయ్యాక కూడా నా వాటా ఆగకూడదంటే నేను చదువుతూ ఉండాలి, అమ్మ వాటా ఆగకూడదంటే ఆమె మారుమనువు చేసుకోకూడదు. ఏడాదికోసారి ఇద్దరమూ పెనుకొండ ఆఫీసుకు పోయి ఆ మాట చెప్పి రావాలి.

మాలో మారుమనువు తప్పేమీ కాదు. మగవాడు చీర తెచ్చిస్తాడు, ఆమె కట్టుకుంటే మనువు అయినట్టే. రొళ్ల దిక్కునుంచి గొర్రెల బేరానికి వచ్చే ఒకాయన అమ్మకు ధర్మవరం చీర తెచ్చాడు. మంచి మనిషి. "ఏమప్పా, బాగా సదువుతాండావా?" అని నన్ను పలకరించేవాడు. నేను మొహం మాడ్చుకునేవాణ్ణి. అమ్మ చీర తీసుకుంది గానీ కట్టలేదు. "పిల్లోని సదువు అయిపోనీప్పా" అంది. ఆయన సరేనన్నాడు.

హిందూపురంలో టీచరు ట్రైనింగులో చేరి మొదటి ఏడే తప్పాను. కష్టమై కాదు, సినిమాలకు తిరిగి తప్పాను. ఆయన పాపం, మరో ఏడు ఆగాడు.

ఆ ఏడు పెనుకొండలో గుమాస్తా తలెత్తకుండా అడిగాడు, "ఏమమ్మా, మళ్ళీ మనువు చేసుకున్నావా?" ఏటా అడిగేదే. ఏటా అమ్మ వెంటనే లేదనేది. ఆ రోజు మాత్రం తటపటాయించింది. ఏం చెప్పబోయిందో నాకు ఈనాటికీ తెలియదు.

"లేదు సార్. చేసుకోదు కూడా" అన్నాను నేనే.

గుమాస్తా ముద్ర వేశాడు. బస్సులో అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు చేరిన మర్నాడే చీర వెనక్కి పంపేసింది. నాకు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకే ఇప్పటికీ నా మీద నాకు రోత.

ఉద్యోగం వచ్చాక నా వాటా ఆపించడానికి అమ్మతో మళ్ళీ పెనుకొండ వెళ్ళాను. "ఇంక నీ ఇష్టమమ్మా" అని దారిలో పెద్ద ఉదారుడిలా చెప్పాను. అప్పటికే ఆయన ఆమడగూరులో వేరే ఆమెను చేసుకున్నాడని మా ఇద్దరికీ తెలుసు.

అమ్మ వాటా ఇంకా ఉంది కాబట్టి గుమాస్తా అదే ప్రశ్న అడిగాడు. అమ్మ నావైపు చూపించింది.

"వాణ్ణడుగు సామీ. వాడే సెప్తాడు."

గొంతులో కోపం లేదు. గుమాస్తా నాకేసి చూస్తూ కూర్చున్నాడు.