టీ తాగొచ్చేలోపు తేలిన సంగతి

పటాన్‌చెరు దాటినంక ఉంటది మా ఆఫీసు. కెమికల్ ఫ్యాక్టరీల ట్యాంకులకు సాఫ్ట్‌వేర్ తయారు చేస్తం. ట్యాంకులో సరుకు ఎంతున్నదో తెర మీద చూపెడతది, నిండబోతే అలారం మోగిస్తది. మేం కొత్త వెర్షన్లు తెస్తనే ఉంటం, ఫ్యాక్టరీలు పాతవే నడుపుతనే ఉంటయి. అందుకని కొత్తదాంట్లో చేసిన మరమ్మతుల్లో ఏవి పాతదానికి కూడా ఇయ్యాలె, ఏవి వద్దు అని వారానికోసారి కూర్చుంటం. పేరుకు ముందుకు పోయే కొలువు. జీతం మాత్రం వెనక్కి చూసేటందుకు.

ఆ మీటింగుకు ఒక కట్టుబాటున్నది. ఎవరి మరమ్మతు గురించి మాట్లాడుతుంటే వాళ్లు గదిలో ఉండొద్దు, టీ కొట్టుకు పోవాలె. కాకి పిల్ల ఎట్లుంటదో కాకిని అడిగితే ఏం లాభం.

ఒకరోజు కంది ఊరు దిక్కున్న ఫ్యాక్టరీ నుంచి షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఫోన్ చేసిండు.

"అన్నా, అలారం ఒక్కసారి బంద్ జేస్తే మళ్ల మోగుతలేదు. నిన్న ట్యాంకు పొర్లేదాంక ఎవ్వలకు ఎరుకలే. పక్కకే ఇద్దరు నిలబడ్డరు. మీద పడలే, మా నసీబు."

"కొత్త వెర్షన్‌ల అది బాగు చేసిన తమ్మీ."

"కొత్తది వద్దే. మావోళ్ల చేతులకు పాత బటన్లే అలవాటు. వచ్చే ఆదివారం ప్లాంట్ బంద్ ఉంటది. అది తప్పితే మళ్ల దసరాకే."

ఆ మరమ్మతు నాదే. కానీ అలారం ఒక్కటే బాగుచేసి ఊకున్ననా? అదే ఊపులో తెరంతా మార్చిన. రంగులు పెట్టిన, బటన్ల జాగాలు మార్చిన. ఇప్పుడు తీగ లాగితే డొంకంతా వస్తది. నాకైతే డొంకే ముద్దు.

మా టీమ్ లీడ్ మేడం వాళ్ల నాన్న సర్కారు ఫ్యాక్టరీ కొలువుకని గోదావరి జిల్లాల నుంచి వచ్చిండు. ఆమె పుట్టింది ఇక్కడే అయినా మాటలో 'అండి' పోలేదు. ఆ వారం మీటింగులో నేనే ముందుగాల అందుకున్న.

"రెండూ కలిపే పంపుదాం మేడం. తెర ఎంత మంచిగ..."

"మీరు టీ తాగి రండి."

పోయిన. రుద్రారం కాలేజీ బస్సులు పోతుంటే చూసుకుంట రెండు కప్పులు తాగిన. తిరిగొచ్చేసరికి బోర్డు మీద రాసున్నది: అలారం ఒక్కటే. తెర వద్దు.

"ట్యాంకు నిండుతుంటే బటన్ ఎక్కడుందో వెతుక్కోవాలాండి? మనుషులకి దెబ్బ తగలకుండా చూసేది పంపుదాం. మనకి ముద్దొచ్చేది ఇక్కడే ఉంచుకుందాం."

రంగుల నుంచి అలారాన్ని విడదీసి, పాతదాంట్లో అతికేటట్టు మళ్ల రాసిన. చూస్తే నాలుగు లైన్లు. నా కళంతా పొట్టులెక్క ఎగిరిపోయి, కల్లంలో గింజే మిగిలింది.

ఆదివారం వాళ్లు దాన్ని ఎక్కించి, ట్యాంకులో నీళ్లు నింపి చూసిన్రు. మధ్యాహ్నం ఫోనొచ్చింది. వెనక అలారం గోల.

"బంద్ జేసినమన్నా, మళ్ల మోగింది. మళ్ల బంద్ జేసినం, మళ్ల మోగింది. నీళ్లు దించేదాంక పరేషాన్ చేస్తనే ఉన్నది."

"చెయ్యనియ్యి."

"గదే కావాలె మాకు. ఇగ మావోళ్లు ధైర్యంగ నిలబడ్తరు. గానీ అన్నా, కొత్తదాంట్ల తెర మస్తు రంగులుంటదంట గదా, అది మాకు రాదా?"

నా పాణం ఎగిరి గంతేసింది.

"ఆ ముచ్చట నన్ను అడగకు తమ్మీ," అన్న. "నన్ను టీకి పంపుతరు."