నాంచారయ్య తాగలేదు

ఈ మాట కడుపులో పెట్టుకుని ఇన్నేళ్ళు తిరిగాను. భార్యకు చెప్పలేదు. తోటి డాక్టర్లకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోందేమో. పిరికివాణ్ణి. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

తొంభైల్లో బందరులో ఒక ఆసుపత్రిలో జూనియర్‌గా ఉండేవాణ్ణి. మా పెద్ద డాక్టరుగారు పేగుల్లో పుట్టే ఒక అరుదైన రకం కణుతుల మీద పరిశోధన చేస్తుండేవారు. న్యూరోఎండోక్రైన్ ట్యూమర్లంటారు. వాటిలో కొన్ని హార్మోన్లలాంటి పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. మనిషికి ఉన్నట్టుండి ముఖం కందగడ్డలా అవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఒక పగలూ రాత్రీ మూత్రమంతా డబ్బాలో పట్టి మద్రాసు పంపితే పరీక్షలో ఆనవాలు దొరికేది.

కృత్తివెన్ను వైపు నుంచి నాంచారయ్య వచ్చాడు. అసలు పేరు అది కాదు. రొయ్యల చెరువు దగ్గర కాపలా. అన్నం తిన్న కాసేపటికే మొహం, కళ్ళు ఎర్రబడి అచ్చం తాగినవాడిలా కనిపించేవాడు. అతని భార్యేమో ఆడవాళ్ళందరినీ కూడగట్టి ఊళ్ళో సారా కొట్టు మూయించిన మనిషి. నీ మొగుడి సంగతేంటని ఊరంతా ఎగతాళి చేస్తుంటే తలెత్తుకోలేకపోయేది. "చుక్క ముట్టలేదండీ, బిడ్డల మీదొట్టండీ. నాకేదో జబ్బుందని మా ఆడదానితో మీరో మాట చెప్తే చాలండీ" అని బతిమాలాడు. చూడండి, జబ్బు ఉండాలని కోరుకున్నాడా మనిషి.

చెప్పినట్టే డబ్బా తెచ్చాడు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని, తువ్వాలు కప్పి తెచ్చాడు. బల్ల కింద పెట్టి మరిచిపోయి, హడావిడిగా లేస్తూ దాన్ని నేనే తన్నేశాను. గదంతా పారింది. ఆ డబ్బా పట్టుకుని మద్రాసు వెళ్ళాల్సిన మనిషి బయట నిలబడి ఉన్నాడు. పెద్దాయనకు తెలిస్తే అందరి ముందూ కడిగేస్తారు. మళ్ళీ పట్టుకు రమ్మంటే నాంచారయ్య మారుమాట్లాడకుండా తెచ్చేవాడే. ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయాను? తలుపు గడియ పెట్టి, నా మూత్రమే డబ్బాలో పోసి, నీళ్ళు కలిపి పంపించాను. ఛీ.

ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. రాక చస్తుందా?

"అయితే జబ్బు లేదాండీ?" అంది అతని భార్య.

"లేదమ్మా."

"మరి ఆ మొహం అట్టా ఎందుకవుద్దండీ?"

నాంచారయ్య నా వైపే చూస్తున్నాడు.

"మీకు తెలియనిదేముందమ్మా" అన్నాను.

ఊరుకున్నా సరిపోయేది. డబ్బా తన్నడం పొరపాటు, నింపడం భయం, మరి ఈ మాట? దీనికి ఇప్పటికీ నా దగ్గర పేరు లేదు. ఆమె అతన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టింది. చెరువు గట్టు మీద పాకలో ఒక్కడే వండుకుని తిన్నాడట. పిల్లలు పలకరించేవాళ్ళు కాదట.

రెండేళ్ళకు పొట్ట ఉబ్బి, మనిషి ఎండిపోయి వచ్చాడు. ఈసారి స్కానింగులో కాలేయమంతా కణుతులే. ముక్క తీసి పరీక్ష చేయిస్తే అదే జబ్బు. పెద్దాయన తన వ్యాసంలో ఆ కేసు రాశారు. మూత్ర పరీక్షలో ఏమీ తేలకపోయినా జబ్బు ఉండవచ్చునని, ఆ పరీక్షను గుడ్డిగా నమ్మకూడదని హెచ్చరించారు. కింద నా పేరు కూడా వేశారు. నేను చేసిన పాడుపని శాస్త్రమై అచ్చయింది. చదివి, బాగుంది సార్ అన్నాను.

ముందే తెలిసినా బతికేవాడు కాదేమోనని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమే కావచ్చు. అప్పటికే జబ్బు పాకి ఉండవచ్చు. కానీ ఆ రెండేళ్ళూ ఇంట్లో ఉండేవాడు కదా, పెళ్ళాం చేతి అన్నం తినేవాడు కదా. అతను నన్ను అడిగింది ప్రాణం కాదు, ఒక్క మాట సాక్ష్యం.

అతను పోయాక, జబ్బు సంగతి తెలిసిన అతని భార్య ఊళ్ళో ఇంటింటికీ తిరిగిందట. మా ఆయన తాగలేదు, నమ్మనిది నేనే, తప్పు నాదే అని ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్పుకుందట. ఆ ఊరి పేషెంటు ఒకాయన చెబుతుంటే విని తల వంచుకుని మందులు రాసిచ్చాను. తనది కాని తప్పును ఆమె ఊరందరి ముందూ ఒప్పుకుంది. నా తప్పును నేను, నా పేరైనా చెప్పకుండా, మీకొక్కరికి చెబుతున్నాను. అయినా గుండె కొంచెం తేలికపడింది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.