ఊకోమనే మనిషి

మా మేనత్త శోకం తీయడంలో చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో పేరున్న మనిషి. చావింట్లో శవం పక్కన కూర్చుని, పోయినవాళ్లు చేసిన కష్టం, తిన్న తిండి, తిట్టిన తిట్లు కూడా వదలకుండా రాగం తీసి ఏడ్చేది. ఆమె మొదలుపెడితే గానీ మిగతా ఆడవాళ్లకు ఏడుపు కుదిరేది కాదు.

అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. వడ్డేపల్లి దగ్గర ఒక బడిలో టీచరుగా కొత్తగా చేరాను. పేపర్లో ఒక ప్రకటన కనబడింది. విదేశంలో దేశాల మధ్య పాటల పోటీ, దేశానికి ఒక్కటే పాట. మన దేశం తరఫున పల్లెపాట పంపుతారట, క్యాసెట్లు పంపమన్నారు. అత్త గొంతు లోకమంతా వినాలని నాకు పిచ్చి పట్టుకుంది. ఆమెను కనిపెట్టింది నేనేనని నలుగురూ అనుకోవాలన్న ఆశ కూడా ఉంది, దాచుకోవడమెందుకు.

అడిగినప్పుడు అత్త విత్తనపత్తి చేనులో పూలకు పుప్పొడి అద్దుతోంది. తలెత్తలేదు.

"ఎవరు సచ్చిన్రని ఏడ్వాలె?"

"ఎవ్వరు సావలే అత్తా. దేశం కోసం పాడాలె."

"దేశం సచ్చిందా ఏంది?"

ఎవరూ పోకుండా శోకం తీస్తే చావును ఇంటికి పిలిచినట్టేనని మావాళ్ల భయం. నెల రోజులు వెంటబడ్డాను. చివరికి ఆమె ఒప్పుకున్నది దేశం కోసం కాదు, కొడుకు కోసం. మా బావ వలస పనికి పోయి, ఎక్కడో కాలువ తవ్వుతుంటే మట్టి కూలి చనిపోయాడు. ఊరికి శవం రాలేదు, కబురే వచ్చింది. శవం ముందు లేకుండా శోకమేమిటని పెద్దవాళ్లు ఆమె నోరు మూయించారు.

"ఊర్ల ఏడ్వనియ్యలే. పరాయి ఊర్లనన్న ఏడుస్త," అంది.

ఊరి బయట చేను గట్టు మీద క్యాసెట్ రికార్డు చేశాను. మూడు నిమిషాలు కాకముందే ఆమె మెడ చుట్టూ చేతులు వేసి "ఊకో అత్తా" అని నీళ్లు తాగించాను. మా దగ్గర శోకం తీసే మనిషి తనంతట తాను ఆపదు. ఆపితే పోయినవాళ్ల మీద దుఃఖం తీరిపోయిందని అర్థం. ఇంకో ఆడమనిషి వచ్చి పట్టుకోవాలి, ఊకోమనాలి. అప్పుడే ఆపాలి.

నెల తిరక్కుండానే నాగర్‌కర్నూల్‌లో జరిగే ఎంపికకు పిలుపొచ్చింది. నా తోటి టీచరు దగ్గర గద్వాల చీర అడిగి తెచ్చాను. అత్త దాన్ని ముట్టుకోలేదు. "ఏడ్వనీకి పట్టంచు ఎందుకే?" అని రోజూ కట్టే చీరతోనే బస్సెక్కింది.

హాలులో నియమాలు చదివారు. పాటకు మూడు నిమిషాలు. పాడే మనిషి తప్ప ఇంకెవరు వేదిక ఎక్కినా ఆ పాట పోటీలో ఉండదు. నేను బుద్ధిగా తలూపాను.

అత్త మైకు ముందు చతికిలబడి కొంగు పరుచుకుంది. "కొత్త చెప్పులు అరుగుతయని గడప కాడ ఇడిసిపోతివి కొడుకా, ఎవరి కాళ్లకు తొడగాలె కొడుకా" అని ఎత్తుకుంది. దగ్గుతున్నవాళ్లు కూడా ఆగిపోయారు. పరీక్షించే పెద్దాయన కలం కింద పెట్టేశాడు. గెలిచామనుకున్నాను.

గంట కొట్టారు. అత్త ఆపలేదు. రెండోసారి కొట్టారు. ఆమె చేయి చాచి పక్కన ఎవరి కోసమో తడుముతోంది. నాకు అర్థమైంది. ఆ హాలులో అర్థమైంది నా ఒక్కదానికే. మెట్లు పది అడుగుల దూరంలో ఉన్నాయి. ఎక్కితే పాట పోతుంది, దేశం పోతుంది, నా పేరు పోతుంది. కుర్చీకి అతుక్కుని కూర్చున్నాను. సిగ్గుతో చెబుతున్నాను, కాళ్లు రాక కాదు, లెక్క చూసుకుని కూర్చున్నాను.

మైకు ఆపేశారు. మైకు లేకుండానే ఏడ్చింది. గొంతు పూర్తిగా పోయాక, తన కన్నీళ్లు తనే తుడుచుకుని, తనే లేచి దిగి వచ్చింది. సమయం మించిందని పాటను పక్కన పెట్టారు. ఇంకెవరిదో పాట దేశం తరఫున వెళ్లింది. దానికి బహుమతి వచ్చిందో లేదో నేను కనుక్కోలేదు.

వనపర్తిలో బస్సు మారేటప్పుడు నీళ్ల సీసా అందించాను. ఆమె మూత తిప్పి, ముఖం కడుక్కుని, సీసా తిరిగి ఇచ్చింది. తాగలేదు.

"నా కొడుకు మీది ఏడుపు నేనే సాలిచ్చుకున్న బిడ్డా," అంది.

తర్వాత ఆమె ఏ చావింట్లోనూ శోకం తీయలేదు. పిలిస్తే వెళ్లేది, ఒక మూల కూర్చుని వచ్చేది. గొంతు పోయిందని ఊరంతా అనుకుంది.

మూడేళ్లకు మా నాన్న పోయాడు. ఆమెకు ఒక్కగానొక్క తమ్ముడు. తల దగ్గర కూర్చుని ఆయన నుదురు నిమురుతోంది, నోరు తెరవడం లేదు. ఆడవాళ్లందరూ ఆమె వైపే చూస్తున్నారు. నేను గుంపులోంచి దారి చేసుకుని వెళ్లి ఆమెను ఆనుకుని కూర్చున్నాను. మెడ చుట్టూ చేతులు వేశాను.

"ఏడువు అత్తా. ఈడనే ఉన్న."

ఆమె నా ముఖంలోకి చూసింది.

"జల్ది ఊకోమనకు బిడ్డా," అంది. "ఇద్దరున్నరు." శోకం ఎత్తుకుని, ముందు కొడుకును పిలిచింది.