మంచివాడి మీద అర్జీ

మొన్న చెరుకుపల్లి బస్సులో పక్కసీటు పెద్దావిడ మోకాళ్ళకు నొప్పుల మందు రాసుకుంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే కరుణమ్మ టీచర్ గుర్తొచ్చారు. అర్జీలు పట్టుకుని బాపట్ల ఆఫీసుల మెట్లు ఎక్కీ దిగీ అరిగిపోయిన మోకాళ్ళు ఆవిడవి. ఇప్పుడావిడ లేరు. అప్పట్లో తెనాలి నుంచి రోజూ బస్సులో వెళ్ళి ఆవిడ బడిలోనే నేను కొత్తగా పాఠాలు చెప్పేదాన్ని. కథలు కూడా రాసేదాన్ని, బాగా రాస్తున్నాననే పొగరుతో.

టీచర్ వాళ్ళ పేటలో ఎవరైనా పోతే సమాధుల దొడ్డికి దారి ఉండేది కాదు. వానాకాలంలో శవపేటికను మోకాల్లోతు బురదలో, వరిచేలోంచి మోసుకెళ్ళేవారు. కాగితాల్లో దారి ఉంది. దాన్ని తన చేలో కలిపేసుకుని సాగుచేస్తున్నది రైతు వెంకటరత్నం గారు. టీచర్ ఏళ్ళ తరబడి తిరిగి సర్వేయరును రప్పించారు, హద్దురాళ్ళు పాతించారు. నేను ఆ వారంలోనే కథ రాసేసి, ఆవిడ వరండాలో కూర్చుని గొంతెత్తి చదివాను.

మొదట నవ్వారు. "ఏంటమ్మా, నేనిన్ని డైలాగులు చెప్పానా? ఆ రోజు నాకు నోరే పెగల్లేదు."

"కథ కదండీ, కాస్త ఊపుండాలి."

"మరి ఆయనకి ఆ కోరమీసాలేంటి? మా అమ్మకి పక్షవాతం వస్తే కారులో గుంటూరు తీసుకెళ్ళింది ఆయనేనమ్మా. కొలతలేసే రోజున నా వంక చూసి, 'నువ్వు కూడానా టీచరమ్మా' అన్నాడు. అంతే, ఆ తర్వాత నాతో మాటలే మానేశాడు."

"అయితే ఆయన తప్పేం లేదంటారా?"

"తప్పు ఆయనదే. దారి మాదే. చెడ్డవాడి మీద అర్జీ పెట్టడం ఏం గొప్పమ్మా? నువ్వు నా కష్టాన్ని తేలిక చేసేశావు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన్ని మంచివాడిగా చూపిస్తే చదివేవాళ్ళు ఆయన వైపే మొగ్గుతారని భయం. రెండు వారాలు మూతి ముడుచుకుని తిరిగాను.

ఆ తర్వాత ముసురులో పేటలోని పేతురు తాత పోయాడు. ఆ దారిలో వెళ్ళిన మొదటి పేటిక ఆయనదే. గట్టు మీద వెంకటరత్నం గారు తలగుడ్డ తీసి నిలబడ్డారు.

టీచర్ ఆగి, "బాగున్నారాండీ?" అన్నారు.

ఆయన ముఖం తిప్పుకున్నారు. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు గానీ, ఆ దారి మీంచి పక్కకు దిగలేదు. ఆమె వెనకే నడుస్తున్న నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చి కథ మొత్తం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను.

అచ్చయ్యాక ఒకాయన ఫోన్ చేసి నిలదీశారు. "ఆ రైతుని అంత మంచివాడిగా రాశారు, ఇంతకీ మీరెవరి పక్షమండీ?"

"టీచర్ పక్షమేనండీ," అన్నాను. "ఆవిడ ఎలాంటి మనిషిని దూరం చేసుకుని ఆ దారి తెచ్చారో మీకు తెలియాలి కదా."