ప్రార్థన మనవిలో మా ప్లాంటు

మా అమ్మ లెక్కలో, వివరాలు సరిగ్గా ఇవ్వని ప్రార్థన చేరవలసిన చోటికి చేరదు. అందుకే ఎవరి కోసం మోకరించినా ముందు పేరు, తర్వాత వీధి, ఆ తర్వాత జబ్బు, డాక్టరు గారు ఏమన్నారు, ఏ మాత్రలు రాశారు, అన్నీ వరసగా ప్రభువుకు అప్పజెబుతుంది. నెల్లూరులో ఒకే పేరుతో చాలామంది ఉంటారట, దేవదూత పొరపాటున పక్కింటికి వెళ్ళిపోతే ఎవరిది పూచీ అంటుంది. నేను నవ్వితే కోపం.

చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, మగవాళ్ళూ కొందరు చేరారు. ప్రార్థన మనవులన్నీ అందులోనే. అమ్మకు టైపు చేయడం విసుగు, తనవన్నీ వాయిస్ మెసేజ్‌లే. ఒకరి కోడలి స్కానింగు, బిట్రగుంటలో ఉండే మా పిన్ని మోకాలు, ఏదీ దాపరికం లేదు. ఊరెళ్తున్నాం, ఇల్లు కాపాడమని ప్రార్థించండి అని ఒకావిడ పెట్టింది. కాపలా దేవుడికి అప్పగించింది సరే, తాళంచెవి మీటరు పెట్టె మీద ఉందన్న సంగతి మాత్రం గ్రూపంతటికీ చెప్పింది.

నేనేమో కృష్ణపట్నం వైపు ఒక కరెంటు ప్లాంటులో కంప్యూటర్ల విభాగంలో పనిచేస్తాను. బయటివాళ్ళెవరూ మా సిస్టమ్‌లలోకి చొరబడకుండా చూడడం మా పని. మా ప్లాంటు ఆగితే చీకటయ్యేది మా ఇల్లొక్కటే కాదు. ఆ నెలలో సైబర్ భద్రత మీద ఉద్యోగులకు పాఠం చెప్పే పని నాకు పడింది. పని సంగతులు బయట మాట్లాడకండి అని ఎర్రటి అక్షరాలతో స్లైడు చేసి చూపించాను. ముందు వరసలో ఇద్దరు హాయిగా కునుకు తీశారు.

అదే సాయంత్రం కంపెనీ బస్సు దిగి ఇంటికొస్తే, అమ్మ వంటింట్లో చేపల పులుసు కలుపుతూ, ఫోన్లో తన మెసేజే తను మళ్ళీ వింటోంది. తన గొంతంటే తనకు భలే ఇష్టం.

"మా పాప ప్లాంటులో ఈ ఆదివారం కంప్యూటర్లన్నీ ఆపి కొత్తయ్యి పెడతా ఉండారంట. అంతసేపూ కాపలా సాఫ్ట్‌వేరు ఉండదంట. దేవుడే కాపలా ఉండాలని అందరూ ప్రార్థన చెయ్యండమ్మా."

ఆదివారం చర్చికి ఎందుకు రావని నిలదీస్తే ముందురోజు నేను చెప్పిన రెండు ముక్కలవి. ఫోను లాక్కుని చూశాను. వరసగా ఆమేన్‌లు, చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్య పేరు లేని ఒక నంబరు నుంచి ప్రశ్న: ఆమేన్ అమ్మా, ఏ గంట నుంచి ఏ గంట దాకా ప్రార్థించాలి? అమ్మ అదీ చెప్పేసింది. మధ్యలో మేము భోజనానికి లేచే వేళ కూడా చెప్పింది.

ఎవరతను? పాస్టరమ్మ గారి తమ్ముడనుకుంది అమ్మ. పాస్టరమ్మ గారేమో కావలి నుంచి పాటలకు వచ్చే బృందంలో మనిషనుకున్నారట. తమరెవరు బ్రదర్ అని గ్రూపులో అడిగించాను. ఆ నంబరు గ్రూపులోంచి వెళ్ళిపోయింది. భక్తుడో, దొంగో, పరాయి దేశపు మనిషో నాకు ఇప్పటికీ తెలియదు. మా ప్లాంటుకు కాపలా లేని వేళ ఎవరి చెవినో పడింది. చెప్పకపోతే ప్లాంటుకు ముప్పు, చెబితే నా ఉద్యోగానికి.

మా పెద్ద సారుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆదివారం పని వాయిదా వేస్తామని, నా విషయం పైవాళ్ళతో మాట్లాడాక చెబుతామని చెప్పి ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ వారమంతా అమ్మ గ్రూపులో నోరు విప్పలేదు. ఒంట్లో బాగాలేదా అని సమాజం ఆడవాళ్ళు ఫోన్ చేస్తే, బాగానే ఉన్నానని ముక్తసరిగా చెప్పేది. తన నోటి వల్ల బిడ్డ కూడు పోతుందేమోనని పిన్నితో ఫోన్లో అంటుంటే విన్నాను. ఒకరోజు పొద్దున మోకరించి, "ప్రభువా, సంగతి నీకు తెలుసు" అని మాత్రం అని లేచిపోయింది. మామూలుగా అయితే నేను టిఫిను తిని బస్సెక్కేదాకా సాగే ప్రార్థన అది. నాకు ఏడుపొచ్చింది.

చివరికి సారు పిలిచారు. దాచకుండా వెంటనే చెప్పాను గనక ఉద్యోగానికి ఢోకా లేదన్నారు. పని జరిగే కొత్త రోజు తనకు తప్ప ఎవరికీ తెలియదని, నాకు కూడా ఆ పొద్దున బస్సెక్కాకే చెబుతానని అన్నారు. తర్వాతి పాఠం ఉద్యోగుల ఇళ్ళలోవాళ్ళకట. దానికి మా అమ్మను తీసుకురమ్మన్నారు.

ఆ కొత్త రోజు ఇంకా రాకముందే పాఠం రోజు వచ్చింది. అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. స్లైడ్లు వద్దంది. చర్చిలో సాక్ష్యం చెప్పినట్టే మొదలుపెట్టి, ఫోను చూసి నా మొహం ఎలా పాలిపోయిందో అభినయించి మరీ చెప్పింది. అందరూ కళ్ళార్పకుండా విన్నారు. నాకు కొంచెం కుళ్ళు పుట్టిన మాట నిజం. వెనక నుంచి ఒకావిడ లేచి, అయితే ఇక మీదట ప్రార్థన చేయమని ఎవరినీ అడగకూడదా అంది.

"అడగండమ్మా. గంటా, అడ్రసూ చెప్పే పనిలేదు. అయ్యి దేవుడికి తెలుసు. తెలియనోడే అడగతాడు," అంది అమ్మ.

అందరూ చప్పట్లు కొట్టారు. మా పెద్ద సారు భార్య మాత్రం కొట్టలేదు. మెల్లగా నా పక్కకు వచ్చి, ఎవరూ వినడం లేదని చూసుకుని, చెవిలో అడిగింది.

"నిన్న మా అక్కచెల్లెళ్ళ గ్రూపులో ఒక వాయిస్ మెసేజు పెట్టినా. అది ఎట్టా తీసెయ్యాలమ్మా?"