కొంగలు పోతే మా అత్తయ్యగారికేం నష్టం?

ఎనభైల చివర్లో మేము డల్లాస్ పక్కన ప్లేనోలో ఇల్లు కొనుక్కున్నప్పుడు వెనక కంచె అవతల ఇంకా ఇళ్ళు లేవు. ఒక చేపల చెరువు, గట్టున చెట్లు, చెట్ల నిండా కొంగలు. నేనూ మా ఆయనా పొద్దున్నే చెరో కారులో ఆఫీసులకి పోయేవాళ్ళం, పిల్లలు స్కూలు బస్సెక్కేవారు. ఆ కొంగల సంగతి మాలో ఎవరికీ పట్టలేదు, గ్రీన్‌కార్డు మీద వచ్చి మా దగ్గరే ఉంటున్న అత్తయ్యగారికి తప్ప.

ఆవిడది నరసాపురం వైపు. కాఫీ తాగి, బైబిలు పట్టుకుని పెరట్లో కుర్చీ వేసుకునేవారు. వాక్యం చదివేది కాసేపు, కొంగల్ని చూసేది మధ్యాహ్నం దాకా. బూడిదరంగులో పొడుగు కాళ్ళతో ఉండే పెద్దదాన్ని నారాయణపక్షి అనేవారు. "ఇంత ప్రార్థనాపరురాలివి, పిట్టని ఆ పేరుతో పిలుస్తావేంటమ్మా?" అని మా ఆయన ఏడిపిస్తే, "దాని పేరు అదేరా. బాప్తిస్మం ఇచ్చి మార్చమంటావా?" అనేవారు.

ఒకరోజు ఆఫీసుకి ఫోన్ చేశారు. నాకు ఆఫీసుకి ఫోన్ చెయ్యడం ఆవిడకి అదే మొదలు.

"తుపాకీ పేలుస్తున్నారమ్మాయ్. ఒకటి నీళ్ళలో పడిపోయింది."

నేను పోలీసులకి ఫోన్ చేశాను. చెరువు ఓనర్‌కి పర్మిట్ ఉందట. కొంగలు చేపల్ని తినేస్తున్నాయని వైల్డ్‌లైఫ్ ఆఫీసులో అర్జీ పెట్టుకుంటే, కాల్చుకోమని కాగితం ఇచ్చారట. డ్రైవింగ్‌కి లైసెన్సు ఇచ్చినట్టు చంపడానికీ ఇస్తారని అప్పుడే తెలిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా వీధి చివర ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది, అమెరికన్. ఆవిడా, పక్షులంటే ఇష్టమున్న మరికొందరూ కలిసి ఆ పర్మిట్ ఇచ్చిన గవర్నమెంటు ఆఫీసు మీద కోర్టుకి వెళ్తున్నారు. ముందు వలలు కట్టించి, చప్పుళ్ళతో బెదరగొట్టించి, అవేవీ పనిచెయ్యకపోతేనే కాల్చనివ్వాలని రూలు. ఇక్కడ అవేమీ చేయించకుండానే పర్మిట్ ఇచ్చేశారు. కేసు గట్టిదే. కానీ వాళ్ళ లాయరు ఒక చిక్కు చెప్పాడు. కొంగలు కోర్టుకి రాలేవు. అవి పోతే నాకు నష్టమని చెప్పుకోగల మనిషి ఒకరు కావాలి, లేకపోతే జడ్జి కేసు లోపలికే వెళ్ళడు. టీచరమ్మ ఇంట్లోంచి చెరువు కనపడదు, మిగతావాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో ఆదివారాలు బైనాక్యులర్స్‌తో వచ్చి పోయేవాళ్ళు. రోజూ చూసే మనిషి ఎవరంటే, టీచరమ్మ మా పెరటి వైపు చూపించింది.

సాక్ష్యం చెబుతారా అంటే అత్తయ్యగారు "అలాగే" అన్నారు. ఆవిడ దేనికైనా అలాగే అంటారు. ఏం అడుగుతారో, ఏం చెప్పాలో ముందురోజు నేను వివరిస్తే దానికీ అలాగే అన్నారు.

కోర్టు కంటే ముందు అవతలి లాయరు తన ఆఫీసులోనే సాక్షిని ప్రశ్నలు అడిగి జవాబులు రాయించుకుంటాడు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ డల్లాస్ మొత్తంలో దొరకలేదు. ఇరుపక్షాలూ ఒప్పుకోవడంతో నన్నే కూర్చోబెట్టారు. ఉన్నది ఉన్నట్టు చెబుతానని చెయ్యెత్తి ప్రమాణం చేశాను.

గవర్నమెంటు లాయరు చాలా మర్యాదస్తుడు. ఆవిడకి మంచినీళ్ళిచ్చి, కుర్చీ సౌకర్యంగా ఉందా అని కూడా అడిగాడు. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. ఈ కొంగలు లేకపోతే మీకేం నష్టం?

అంత మర్యాదగా అడిగిన కొత్తమనిషి ముందు మా వైపు పెద్దవాళ్ళెవరూ తమ కష్టం చెప్పుకోరు. జ్వరంతో మూలుగుతున్నా బాగానే ఉన్నామండీ అంటారు. అత్తయ్యగారు పమిట సర్దుకుని నవ్వారు.

"నాకేం నష్టమండీ? ఏమీ లేదు. మా వాళ్ళు నన్ను బంగారంలా చూసుకుంటారు."

నాకు పై ప్రాణం పైనే పోయింది. ఆ గదిలో మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలుగు రాదు. నేనేం చెబితే అదే ఆవిడ మాట. మా లాయరు ఆశగా నా మొహంలోకి చూస్తున్నాడు. ఆవిడ మీద అరవాలనిపించింది. కానీ ప్రమాణం చేశాను కదా, ఉన్నదే చెప్పాను. మా లాయరు పెన్ను కింద పెట్టేశాడు.

గవర్నమెంటు లాయరు అక్కడితో ఆగితే గెలిచేవాడే. ఇంకొకటి అడిగాడు. "అయితే రేపు వాటన్నిటినీ కాల్చేసినా ఈవిడ రోజులో ఏ మార్పూ ఉండదన్నమాట?"

నేను తెలుగులో చెప్పాను.  అత్తయ్యగారు ఆయన వైపు కాకుండా నా వైపు చూశారు.

"ఉన్నమాట చెప్పాలా అమ్మాయ్?"

"చెప్పాలి అత్తయ్యగారూ."

"నువ్వు బాధపడకూడదు మరి. మీరంతా వెళ్ళిపోయాక సాయంత్రం దాకా ఆ ఇంట్లో పలకరించే ప్రాణం లేదు. వీధిలో మనిషన్నవాడు కనపడడు, అందరూ కార్లలోనే. టీవీలో వాళ్ళేమంటారో నాకు తెలీదు. ఆ కొంగలతోనే మాట్లాడుకుంటాను. గూటికి పుల్ల తెస్తే బాగుందే అంటాను, కొట్టుకుంటే కసురుతాను. తుపాకీ పేలినకాడి నుంచి సగం రావట్లేదు. మధ్యాహ్నం అన్నం సయించట్లేదు నాకు. మిగతావీ పోతే నేనెవరితో మాట్లాడను?"

మొత్తం ఇంగ్లీషులో చెప్పాను, నువ్వు బాధపడకూడదు అన్న మాటతో సహా. బాధపడ్డాను. ఇంట్లో ఒక్కరోజైనా నాతో అనని మాట పరాయివాళ్ళ ముందు అన్నారని కోపం కూడా వచ్చింది. 

కొన్ని నెలల తర్వాత తీర్పు వచ్చింది. వలలు కట్టి చూసేదాకా ఆ పర్మిట్ చెల్లదన్నారు. అంతకుముందు పేజీలో జడ్జి మా అత్తయ్యగారి గురించి రాశాడు. పగలంతా ఒంటరిగా ఉండే ఈ మనిషికి ఆ పక్షులే తోడు, అవి పోవడం చట్టం లెక్కలో నిజమైన నష్టమే అని. టీచరమ్మ ఆ కాగితాలు తెచ్చి అత్తయ్యగారిని గట్టిగా కావలించుకుంది.

టీచరమ్మ వెళ్ళాక నేను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ పేజీ తెలుగులో చదివి వినిపించాను. అత్తయ్యగారు మొహం చిన్నబుచ్చుకుని విన్నారు.

"నా పేరు పెట్టే రాశారా అమ్మాయ్?"

"అవును అత్తయ్యగారూ. మీవల్లే కొంగలు బతికాయి."

"అయ్యో, నా పేరు పెట్టేశారా! చర్చిలో ఎవరైనా చదివితే మిమ్మల్ని ఏమనుకుంటారే?"