బల్ల మీద అమ్మమ్మ చీర కొంగు

సింగపూర్ వచ్చిన కొత్తలో ఆదివారం అంటే మాకు సెలవు కాదు, ఇల్లు ఖాళీ చేసి వెళ్తున్నంత హడావుడి. చోవా చూ కాంగ్‌లోని మా ఫ్లాట్ నుంచి ఏ పార్కుకి బయలుదేరినా చంటివాడి స్ట్రోలర్ కింద పెరుగన్నం డబ్బా, ఫ్లాస్కు, గొడుగు, వాటన్నిటి పైన మా అమ్మాయి గుడ్డ ఉండాల్సిందే. ఆ గుడ్డ మా అత్తగారి పాత నేత చీర కొంగు. మూడేళ్ల మా అమ్మాయి దాని అంచు ముక్కు దగ్గర పెట్టుకుంటేనే నిద్రపోయేది. ఒకసారి ఉతికింది ఆరకపోయేసరికి ఇంటిల్లిపాదీ జాగారం చేశాం (శివరాత్రికి కూడా అంత నిష్ఠగా ఎప్పుడూ చెయ్యలేదు). అందుకే పాస్‌పోర్టులు ఎక్కడున్నాయో తెలియకపోయినా ఆ గుడ్డ ఎక్కడుందో మా ఇద్దరికీ తెలిసేది.

ఒక ఆదివారం ఆంగ్ మో కియోలో పార్కు చూసుకుని, మధ్యాహ్నం దగ్గర్లోని హాకర్ సెంటర్‌కి, అంటే ఒకే కప్పు కింద బోలెడు తిండి కొట్లు ఉన్న చోటికి, వెళ్లాం. జనం కిటకిటలాడుతున్నారు. ఖాళీగా కనిపించిన ప్రతి బల్ల మీదా ఒక టిష్యూ ప్యాకెట్ ఉంది. "ఎవరో మర్చిపోయినట్టున్నారండీ, పాపం" అంది మా ఆవిడ. అది మరుపు కాదని, దాన్ని ఇక్కడ చోప్ చెయ్యడం అంటారని, ప్యాకెట్ పెట్టి వెళ్తే బల్ల వాళ్లదేనని ఆఫీసులో సంపాదించిన జ్ఞానమంతా వినిపించాను. "ఓస్, మన బస్సులో తువ్వాలు వెయ్యడమేగా" అంది. నిజమే. రాజమండ్రి బస్టాండులో కదులుతున్న బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టిన చెయ్యి నాది. పరాయి దేశంలో నాకు వచ్చిన విద్య ఒకటి కనబడేసరికి చెప్పలేనంత హుషారు వచ్చింది. అంతలో మూలన ఒక బల్ల ఖాళీ అయింది. జేబులు తడుముకుంటే టిష్యూలు లేవు. స్ట్రోలర్‌లో చేతికందిన గుడ్డ తీసి బల్ల మీద పరిచేసి, అందరం కలిసి నూడుల్స్ క్యూలో నిలబడ్డాం (అందులో గుడ్డు వేస్తారో లేదో మా ఆవిడే స్వయంగా అడగాలి, నా మాట మీద నమ్మకం లేదు).

ట్రే పట్టుకుని తిరిగొచ్చేసరికి మా బల్ల దగ్గర ఎవరో కుటుంబం నింపాదిగా భోంచేస్తోంది. బల్ల మీద గుడ్డ లేదు. "ఇంతకీ ఏం వేశారు?" అంది మా ఆవిడ. చెప్పాను. "దాని గుడ్డా?" అని, పిల్లకి వినబడకుండా గొంతు తగ్గించి, "ఈ రాత్రి మీరే పడుకోబెట్టండి" అంది. వంగి బల్లల కింద వెతుకుతుంటే మా అమ్మాయి నా చొక్కా లాగి, "నానా, నా గుడ్డ" అని వేలు చూపించింది. రెండు వరుసల అవతల ఒక క్లీనర్ ఆంటీ మా అత్తగారి చీర కొంగుతో బల్ల మీద చిల్లీ సాస్ తుడుస్తోంది.

నేను సిగ్గుతో అక్కడే ఆగిపోయాను. పిల్ల మాత్రం తిన్నగా వెళ్లి ఆవిడ ముందు చెయ్యి చాపింది. ఆంటీ పిల్లనీ, గుడ్డనీ, దూరంగా ట్రేతో నిలబడ్డ నన్నూ చూసింది. "యువర్స్ ఆ? గుడ్ క్లాత్ లా" అని ఇక్కడి యాస ఇంగ్లీషులో మెచ్చుకుని, కుళాయి కింద జాడించి, గట్టిగా పిండి ఇచ్చింది. ఇంటికి వస్తూ రైల్లో ఆ తడిగుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని పిల్ల హాయిగా నిద్రపోయింది. సాస్ వాసనకి పక్కనున్నాయన లేచి వెళ్లిపోయాడు. మర్నాడు సబ్బు పెట్టి ఉతికితే, వాసన పోయిందని మా అమ్మాయి ఏడుపు. ఏ వాసనో అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

ఇప్పుడు మా అమ్మాయి నా ఎత్తు ఉంది. మాతో బయటికి రావడమే అరుదు, స్నేహితులకి పోగా మిగిలిన ఆదివారాలే మావి. మొన్న అలా మిగిలిన ఒక ఆదివారం నలుగురం అదే హాకర్ సెంటర్‌కి వెళ్లాం. బల్ల దొరికింది గానీ ఎవరి దగ్గరా టిష్యూలు లేవు. "నానా, యూ సిట్ హియర్ లా. ఎవరైనా వస్తే సీట్స్ తీసుకున్నారని చెప్పు" అని నన్ను కూర్చోబెట్టి, వాళ్లమ్మనీ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని క్యూలోకి వెళ్లిపోయింది. క్లీనర్ ఆంటీ ఒకావిడ బల్లలు తుడుచుకుంటూ ఇటే వస్తుంటే, ఎందుకైనా మంచిదని కాస్త నిటారుగా కూర్చున్నాను. క్యూలోంచి మా అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, నేను ఉన్నానో లేదోనని.